వేడి చేస్తే చల్లబడే వాయువు

నార్సింగి చౌరస్తాలో నా పరువు లారీ వెడల్పున వేలాడింది. ఫొటోతో సహా. ఆ ఫొటోలో నేను పట్టుచీర కట్టుకుని, చేతులు జోడించి, ఓట్లడుగుతున్నట్టు నవ్వుతున్నాను. నిజానికి అది మా పిన్ని కూతురి పెళ్ళిలో తీసిన ఫొటో. పక్కనున్న పెళ్ళికూతుర్ని కత్తిరించేశారు గానీ, గాజులతో సహా ఆవిడ మోచెయ్యి మాత్రం నా భుజం పక్కన మిగిలిపోయింది. ఇంత ఘోరం ఎలా జరిగిందో మొదటినుంచీ చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, మొహమాటం అక్కర్లేదు. నవ్వాల్సినవాళ్ళు అప్పుడే కడుపారా నవ్వేశారు.

ముందు నా సంగతి. పుట్టింది కాకినాడలో, మెట్టింది కడప వాళ్ళింట్లో, కాపురం మూసాపేటలో. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. అంటే, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికి నాకు జీతమిస్తారు. జీతం ఇవ్వకపోయినా చేసేదాన్నేమో, అంత ఇష్టం నాకా పని. మంచి తప్పు దొరికిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని. నా ఎదురు సీట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసే యాదగిరి నన్ను చూస్తే లిఫ్ట్ మానేసి మెట్లు దిగేవాడు.

ఈ ఉద్యోగం కాక, గచ్చిబౌలి వైపు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. అది ఎంతకాలంగా సాగుతోందని మాత్రం అడక్కండి. నేను చేరినప్పుడు మూసాపేటలో మెట్రో స్తంభాలు లేపుతున్నారు. ఇప్పుడా స్తంభాలకు రంగులు వెలిసిపోయాయి. విశ్వవిద్యాలయం ఇవ్వగలిగిన గడువులన్నీ ఇచ్చేసి, ఇక నీ ఖర్మ నీ ఇష్టం అన్నట్టు చేతులెత్తేసింది. ఆ వేసవిలో జరిగే సెమినార్‌లో కమిటీ సరేనంటే థీసిస్ ఇచ్చుకోవచ్చు. కాదంటే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ళుగా ఆఫీసు బస్సులో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చేసిన లెక్కలన్నీ గంగలో కలిసినట్టే.

నా పరిశోధన ఏమిటంటే... లేవకండి, కూర్చోండి, ఒక్క నిమిషంలో అయిపోతుంది. కొన్ని రకాల పరమాణువులను ఇంతకన్నా చల్లబరచడం ఎవరి తరమూ కాదన్న చోటుకు వెంట్రుకవాసి దూరం వరకూ చల్లబరుస్తారు. అక్కడ అవి రెండేసి చొప్పున జతకట్టి, ఏ రాపిడీ లేకుండా ప్రవహిస్తాయి. దాన్ని అతిద్రవం అంటారు. కోలాటం అనుకోండి. ఎర్రచీరల వాళ్ళు కొందరు, నీలంచీరల వాళ్ళు కొందరు. ఒక ఎరుపు, ఒక నీలం కలిస్తేనే జత. ఇద్దరూ సమానంగా ఉంటే ఏ గొడవా లేదు. ఎర్రచీరలు ఎక్కువైతే? జత దొరకని వాళ్ళేమవుతారు? ఆ మొత్తాన్నీ కాస్త వేడి చేస్తే ఏం జరుగుతుంది? ఇదే నా బతుకు.

మామూలుగా జరిగేదేమిటంటే జతలన్నీ మధ్యలో చేరి ఆడుకుంటాయి, జతలేని వాళ్ళు అంచులకు పోయి నిలబడతారు. అలా కాకుండా, జతలేని వాళ్ళు కూడా కోలాటం నడుమనే తిరుగుతూ, ఎవరి కోలకూ తగలకుండా, ఆట చెడకుండా, పరమశాంతంగా ఉండే స్థితి ఒకటి ఉంటుందా అని నేను వెతుకుతున్నాను. మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, కూలర్‌లో నీళ్ళు అయిపోయిన వేళ, అది దొరికింది.

కంప్యూటర్ నా సమీకరణానికి ఒక కొత్త జవాబు చూపించింది. జతలూ, ఒంటరివాళ్ళూ ఒకేచోట, కలిసిమెలిసి. నేను అక్కడితో ఆగానా? ఆగలేదు. ఎంత వేడి ఇస్తే ఎంత ఉష్ణోగ్రత పెరుగుతుందో చెప్పే లెక్క కూడా వేశాను. మైనస్ వచ్చింది. అంటే వేడి ఇచ్చేకొద్దీ అది చల్లబడుతోంది!

ఇక్కడ బుద్ధున్న మనిషి ఏమనుకుంటుంది? ఎక్కడో తప్పు చేశానని అనుకుంటుంది. ఇదే మైనస్ యాదగిరి ప్రోగ్రాంలో వచ్చి ఉంటే, అతన్ని కుర్చీలోంచి లేపి, మేనేజర్ని పిలిచి, నలుగురిలో అడిగేదాన్ని. కానీ ఇది నా ప్రోగ్రాం. నా కన్నబిడ్డ. కన్నబిడ్డ అబద్ధమాడుతుందా? వెంటనే మా మాస్టారికి ఫోన్ చేశాను. మాస్టారంటే నా గైడ్. ఆయనకు అప్పుడే కంటి శుక్లాల ఆపరేషన్ అయింది.

"సార్, అద్భుతం జరిగిందండీ!"

"ఏమ్మా, థీసిస్ రాయడం మొదలుపెట్టావా?"

"అంతకన్నా గొప్పదండీ. కొత్త స్థితి దొరికింది. వేడి చేస్తే చల్లబడుతోంది!"

"నా కంటికి కట్టుందమ్మా, గ్రాఫులు చూడలేను. ఒక్కటి చెప్పు. అది కనిష్ఠమేనా? చూసుకున్నావా?"

"చూశానండీ. వాలు సున్నా. ఎన్ని దశాంశాలు చూసినా సున్నాయే."

"వాలు సంగతి కాదమ్మా, నేనడిగేది..."

"అన్నీ చూశానండీ! మీరు విశ్రాంతి తీసుకోండి," అని పెట్టేశాను.

ఆయన అడగబోయిందేమిటో తర్వాత చెబుతాను. ఆ రోజు స్వయంగా ఆయనే వచ్చి చెప్పినా వినే స్థితిలో లేను.

మర్నాడు ఆదివారం. భోజనానికి మా మరిది ప్రతాప్ వచ్చాడు. ప్రతాప్‌ది నార్సింగిలో ఇళ్ళస్థలాల వ్యాపారం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన విల్లాలు కట్టిస్తున్నాడు. మనసు వెన్న. ఒకటే బలహీనత, ఫ్లెక్సీలు. తెలిసినవాళ్ళ పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పిల్లలు పాసైతే ఫ్లెక్సీ, కాలనీలో బోరు పడితే ఫ్లెక్సీ, అది ఎండిపోతే అధికారులు స్పందించాలని ఇంకో ఫ్లెక్సీ. ప్రతి దానిమీదా కింద వరసలో నల్లకళ్ళద్దాలతో అతనూ, అతని స్నేహితులూ.

"వదినా, ఏందో కనిపెట్టినావంటనే? అన్న చెప్తాండాడు," అన్నాడు పప్పన్నం కలుపుకుంటూ.

"ఒక వాయువు. వేడి చేస్తే చల్లబడుతుంది."

ప్రతాప్ చేతిలో ముద్ద గాల్లో ఆగిపోయింది. "ఏందీ? ఇంగోసారి చెప్పు."

"వేడి చేస్తే చల్లబడుతుంది. కానీ ప్రతాప్, అది..."

"ఎండ తగిల్తే సల్లగయితాదా?"

"ఎండ తగిలితే అసలు అదే ఉండదు. దాన్ని గాలి కూడా లేని పాత్రలో, లేజర్ల మధ్య..."

"గోడల్లో నింపొచ్చునా?"

"దేన్ని?"

"దాన్నే! మే నెల్లో గోడకు ఎండ కొట్టేకొద్దీ లోపల సల్లగా ఉంటాది. ఏసీ ల్యా, కరెంటు ల్యా. వదినా, నువ్వు మామూలు మనిషివి కాదు!"

"అది గోడల్లో నింపేది కాదు నాయనా. మొత్తం కలిపి ఇంత కూడా ఉండదు," అని తాలింపులోంచి ఒక ఆవగింజ ఏరి చూపించాను.

"శాంపిల్ ఎప్పుడూ సిన్నదే ఉంటాది వదినా. తర్వాత పెద్దది చేస్తారు."

మా ఆయన మజ్జిగ పోసుకుంటూ, "వాడు వినడు గానీ వదిలెయ్," అన్నాడు. వదిలేశాను. గట్టిగా చెబితే ఆగేవాడే. చెప్పలేదు. ఎందుకంటే, కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో మా అత్తవారి వైపు మనిషి ఒకడు నా పరిశోధన గురించి ముద్ద ఆపుకుని వినడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషం వేసిందంటే ఇంకో గరిటెడు నెయ్యి వేశాను.

సోమవారం ఆఫీసుకు కాకినాడ కాజాలు పట్టుకెళ్ళాను. మొదట యాదగిరి దగ్గరికే వెళ్ళాను, గొప్ప చూపించుకోవడానికి.

"ఏందక్కా, ప్రమోషనా?"

"అంతకన్నా పెద్దది. వేడి చేస్తే చల్లబడే వాయువు కనిపెట్టాను."

"గట్లెట్లయితది? టెస్ట్ చేసినవా?"

"యాదగిరీ, నేను టెస్టర్‌ని."

"అందుకే అడుగుతున్న. నా కోడైతే నూరు తీర్ల గుంజి చూస్తవ్. నీ కోడు ఎవలు చూసిన్రు?"

"నేనే చూసుకున్నాను."

"ఓ, నువ్వే చూసుకున్నవా? ఇగ ఫికర్ లేదు," అంటూ రెండో కాజా తీసుకున్నాడు. అంత మర్యాదగా అతను నాతో ఎన్నడూ మాట్లాడలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి.

బుధవారం పొద్దున యాదగిరి నా బల్ల దగ్గరికి తనంతట తానే వచ్చాడు. అతనిది నార్సింగే. మొహం పండగలా వెలిగిపోతోంది. "అక్కా, మా చౌరస్తల నువ్వే ఉన్నవ్," అని ఫోన్ నా ముందు పెట్టాడు.

చూశాను. పట్టుచీర. జోడించిన చేతులు. పెళ్ళికూతురి మోచెయ్యి. పైన ఎర్ర అక్షరాల్లో: 'వేడి చేస్తే చల్లబడే వాయువును కనిపెట్టిన మా వదినమ్మ, సైంటిస్ట్ సరళ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు!' కింద: 'త్వరలో మీ నార్సింగిలో, ఎండకు చల్లబడే విల్లాలు!' ఒక మూలన మంచుకొండ, దాని మీద పెంగ్విన్. కింద వరసలో నల్లకళ్ళద్దాలు.

మర్నాడే సెమినార్. వెంటనే ప్రతాప్‌కి ఫోన్ చేశాను.

"ప్రతాప్, దాన్ని తక్షణం దించు!"

"ఎట్ట దించేది వదినా? ముహూర్తం చూసి కట్టినాం. వారం లోపల దించితే అరిష్టం."

"ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి?"

"అందరూ చూస్తాండారు! ఒకటే ఫోన్లు. ఒక పెద్దాయనకు మాత్రం చిన్న అనుమానం వచ్చింది, నాకు జవాబు తెలీలా."

"ఏం అనుమానం?"

"మరి చలికాలంలో వెచ్చగుంటాదా అని అడుగుతాండాడు. ఏం చెప్పమంటావ్?"

ఫోన్ పెట్టేసి, నన్ను నేను ఓదార్చుకున్నాను. కమిటీలో ఉన్న మాస్టార్లంతా గచ్చిబౌలిలోనే ఉంటారు. బయటినుంచి వచ్చే నిపుణురాలు ఒక్కరే, విశాఖపట్నం మేడమ్. ఆవిడ విమానాశ్రయం నుంచి ఔటర్ మీద తిన్నగా గచ్చిబౌలిలో దిగుతారు. నార్సింగి మొహం ఎవరు చూస్తారు?

ఆవిడ టాక్సీ డ్రైవర్ చూశాడు. గచ్చిబౌలి దాకా వెళితే జామ్ అవుతుందని నార్సింగిలోనే ఔటర్ దిగాడు. దిగి, సరిగ్గా నా కాళ్ళ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆవిడకు నన్ను తనివితీరా చూపించాడు.

ఈ సంగతి తెలియని నేను సెమినార్‌లో రెచ్చిపోయాను. మాస్టారు ముందు వరసలో నల్లకళ్ళద్దాలతో కూర్చున్నారు. ఆయన్ని అలా చూస్తే ఫ్లెక్సీ కింద వరస గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగా ఉంది గానీ, ఆగలేదు. పాత అధ్యాయాలన్నీ గబగబా ముగించి, చివర్లో నా కొత్త స్థితిని నూతన వధువును చూపించినట్టు చూపించాను. విశాఖ మేడమ్ చేతిలో పెన్ను మూసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"అమ్మా, దారిలో మీ ఫొటో చూశాను. చీర బాగుంది."

గదిలో ఎవరో దగ్గారు.

"అంత పెద్ద ఫలితం కదా, చిన్న సందేహం అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ స్థితి దగ్గర శక్తి గీత గిన్నెలా ఉందా, బోర్లించిన గిన్నెలా ఉందా?"

ఇదే, మహాశయులారా, మాస్టారు ఫోన్‌లో అడగబోయిన ప్రశ్న. మీకు వంటింటి భాషలో చెబుతాను. గరిటె అడుగున ఆవగింజ వేస్తే కదలకుండా కూర్చుంటుంది, మాస్టారన్న కనిష్ఠం అదే. ఉబ్బిన పూరీ నడినెత్తిన జాగ్రత్తగా పెడితే అక్కడా కూర్చుంటుంది, ఎవరూ తుమ్మనంతసేపు. రెండుచోట్లా నేల చదునే, వాలు సున్నాయే. నా సమీకరణం వెతికేది వాలు ఎక్కడ సున్నా అవుతుందో ఆ చోటును మాత్రమే. అది గరిటా, పూరీయా అని చూసుకోవాల్సింది నేను. చూడలేదు. పక్కవాడి ప్రోగ్రాంలో కామా తప్పినా పట్టుకునే మనిషిని, నా సొంత వాయువును పూరీ మీద కూర్చోబెట్టి, కాజాలు పంచి వచ్చాను.

"ఇప్పుడే లెక్క వేసి చూపిస్తానండీ," అని బోర్డు మీద మొదలుపెట్టాను. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ప్లస్ వస్తే గరిటె, మైనస్ వస్తే పూరీ. లెక్క చివరికొచ్చింది.

"మైనస్ వచ్చిందండీ."

"మళ్ళీ ఒకసారి చూడండి."

చూశాను. "మళ్ళీ మైనసేనండీ."

ముందు వరసలోంచి మాస్టారు, "నాకు సరిగ్గా కనబడటం లేదు. ఏమొచ్చిందమ్మా?" అన్నారు.

"మైనస్ సార్."

"కనిష్ఠమేనా అని అడిగాను కదమ్మా," అన్నారాయన. కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. నా మాట నమ్మి, కంటి కట్టుతోనే నాకోసం ఈ తేదీకి అందర్నీ ఒప్పించిన మనిషి ఆయన.

వేడి చేస్తే చల్లబడటం ప్రకృతి వింత కాదని అప్పుడర్థమైంది. ఇక్కడ నేను నిలబడలేను మొర్రో అని ఆ స్థితి పెట్టిన కేక అది. నేను దాన్ని కచేరీ అనుకుని చప్పట్లు కొట్టాను. కమిటీ నన్ను కాసేపు బయట ఉండమంది.

వరండాలో నిలబడ్డాను. లోపల నా రిజిస్ట్రేషన్‌కు దినకర్మ జరుగుతోందని ఖాయంగా అనుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే ప్రతాప్ ఫోన్.

"వదినా, ఆ పెద్దాయన మళ్ళా చేసినాడు. చలికాలం సంగతి..."

"చలికాలం లేదు, ఎండాకాలం లేదు! అలాంటి వాయువే లేదు ప్రతాప్! నా లెక్క తప్పు. నా పీహెచ్‌డీ పోతోంది. ఆ ఫ్లెక్సీ చూసినావిడే లోపల కూర్చుని తీర్పు చెబుతోంది!"

ప్రతాప్ మెల్లగా, "లేదా?" అన్నాడు.

"లేదు."

"కచ్చితంగా లేదా? ఎవురన్నా అడిగితే గట్టిగా చెప్పొచ్చా?"

"చెప్పుకో! బోర్డు మీద అందరి ముందూ నిరూపించి వచ్చాను, లేదని!"

"అట్టయితే నువ్వు ఏడ్సొద్దు వదినా. నేను చూసుకుంటా," అని పెట్టేశాడు.

లోపలికి పిలిచారు. విశాఖ మేడమ్ కాగితాలు సర్దుకుంటూ చెప్పారు: "మిగతా అధ్యాయాలు బాగున్నాయమ్మా. ఈ ఒక్కదానికే తలా తోకా లేదు. ఇందులోంచి మీరు తేల్చిందేమిటో ఒక్క వాక్యంలో, సూటిగా రాసి రేపటికల్లా పంపండి. నచ్చితే సంతకం పెడతాను. నచ్చకపోతే పెట్టను." ఇంకో మాట లేకుండా టాక్సీ ఎక్కేశారు.

క్యాంటీన్‌లో కూర్చుని ఆ ఒక్క వాక్యం కోసం కుస్తీ పట్టాను. 'ప్రస్తుత అధ్యయన పరిధిలో కొన్ని స్థితుల స్థిరత్వం విషయమై పునరాలోచన అవసరమని భావించబడుతున్నది' అని రాశాను. చదివితే నాకే నిద్రొచ్చింది. కొట్టేశాను. ఇంకోటి రాశాను, అది ఇంకా ఘోరం. తప్పు చేశానని చెప్పకుండా తప్పు గురించి చెప్పాలని చూస్తే వాక్యం ఎటుపోతుంది? ముచ్చటగా నాలుగు కర్మణి ప్రయోగాల్లో దాక్కుంటుంది. ఇన్నేళ్ళ పని ఒక వాక్యం దగ్గర ఆగిపోయిందే అని టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. విశాఖ మేడమ్ ఒక ఫొటో పంపారు.

నార్సింగి చౌరస్తా. నేనే. పట్టుచీర, చేతులు, మోచెయ్యి, పెంగ్విన్, అన్నీ యథాతథం. మా ప్రతాప్ అరిష్టం రాకుండా ఫ్లెక్సీని దించలేదు. ఒక తెల్లముక్క అతికించి, దానిమీద ఎర్రరంగుతో దిద్దించాడు. ఇప్పుడది ఇలా ఉంది: 'వేడి చేస్తే చల్లబడే వాయువు లేదని కనిపెట్టిన మా వదినమ్మ, సైంటిస్ట్ సరళ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు!' కింద ఇంకో ముక్క: 'త్వరలో మీ నార్సింగిలో, ఏసీ ఉన్న విల్లాలు!'

ఫొటో కింద మేడమ్ రాశారు: 'మళ్ళీ ఇక్కడే ఇరుక్కున్నాను. మీ వాక్యం దొరికింది. ఇంతకన్నా సూటిగా మీరు రాయలేరు. పెంగ్విన్ తీసేసి ఇదే పెట్టండి. సంతకం పెట్టేశాను.'

క్యాంటీన్‌లో జనం చూస్తున్నా లెక్కచెయ్యకుండా పెద్దగా నవ్వాను. ఏడ్చాను కూడా. మాస్టారికి చదివి వినిపిస్తే, "ఎవరు రాశారమ్మా? మంచి స్పష్టత ఉంది," అన్నారు. మా మరిదండీ అన్నాను. "ఏ విశ్వవిద్యాలయం?" అన్నారు.

అలా నా థీసిస్ చివరి అధ్యాయం తేల్చిందేమిటో రాసినవాడు, ఇంటర్ తర్వాత పుస్తకం ముట్టని ప్రతాప్. ఆ స్థితి ఎందుకు నిలబడదో, నిలబడక జతలేని వాళ్ళంతా అంచులకెలా పోతారో వివరంగా లెక్కగట్టి సమర్పించాను. సమర్పించే ముందు ప్రోగ్రాం మొత్తం యాదగిరి చేతిలో పెట్టాను. అతను సెలవు పెట్టి మరీ పరీక్షించి, ఇంకా తప్పులు పట్టుకుని, ఆ రోజు నా డబ్బాలో అన్నం కూడా తినేశాడు.

కాబట్టి పాఠకులారా, మూసాపేట వాస్తవ్యురాలు డాక్టర్ సరళ అను నేను, అగ్నిసాక్షిగా కాకపోయినా ఆవగింజ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ లెక్కలో ఏ అద్భుతం దొరికినా, అది గరిటెలో ఉందో పూరీ మీద ఉందో తేల్చుకోనిదే కాజాలు కొనను. మాస్టారు ప్రశ్న పూర్తిచెయ్యకముందే జవాబు చెప్పను. ముఖ్యంగా, మరిది అన్నం తింటుండగా నోరు విప్పి భౌతికశాస్త్రం మాట్లాడను. ఒకవేళ పొరపాటున మాట్లాడాల్సి వస్తే, ముందుగా ఒక మంచి ఫొటో దిగుతాను, పక్కన ఎవరూ లేకుండా.